గోడ మీద చెంచులకు కొబ్బరిచెట్లు ఎవరు పెట్టినారు?

తుంగభద్రగట్టు (కర్నూలు)

అందరికీ నమస్తే. నేను రోజూ ఆఫీసుకు పోయే దారిలో ఒక పొడుగాటి కాంపౌండు గోడ ఉంది. ఎవరి గోడ అని అడగొద్దు, మన జిల్లాలో అట్లాంటివి వీధికొకటి. పోయిన నెలలో దానికి బొమ్మలు వేయించినారు. ఒక చివర కొండారెడ్డి బురుజు, దాని పక్కన యాగంటి బసవన్న, తర్వాత రైతు, కాడెద్దులు, ఆఖరుకు "మన గిరిజన సంస్కృతి" అని పెద్ద అక్షరాలతో నల్లమల చెంచులు.

నాలుగు రోజులు బాగానే ఉందనుకుంటూ పోయినాను. ఐదో రోజు ట్రాఫిక్ ఆగితే తీరిగ్గా చూసినా. చెంచాయన తల మీద రంగురంగుల ఈకల కిరీటం. నడుముకు ఆకుల లంగా. చేతిలో విల్లు. వెనకాల ఒక జలపాతం, రెండు పక్కలా రెండు కొబ్బరిచెట్లు. కొంచెం దూరంలో ఇంకొకాయన కొండచరియకు వేలాడుతూ తేనె తీస్తున్నాడు.

శ్రీశైలానికి నల్లమల అడవిలో పోయే పెచ్చెరువు దారిలో రెండుసార్లు నడిచి పోయినోడిని నేను. కన్నడ భక్తులు ఉగాదికి నడిచే దారి అదే. ఆ దారిలో నాకు ఒక్క కొబ్బరిచెట్టూ కనపడలేదు, ఒక్క ఈకల కిరీటమూ కనపడలేదు.

తప్పు పట్టాలని రాయడం లేదు. వీధిలో అందరూ చూసేట్టు పెట్టిన బొమ్మలు, విగ్రహాలు, రాళ్ళు మనకు ఒక రకంగా కనిపిస్తాయి. ఈ నేల మీద మనకంటే ముందునుంచి ఉన్నవాళ్ళకు ఎట్ల కనిపిస్తాయో తెలుసుకోవాలని ఉంది. మీ ఊళ్ళలో ఏమున్నాయో చెప్పండి.

కడపకారం (కడప)

కొబ్బరిచెట్లతో పోయింది, సంతోషించన్నా. మావైపు ఒక పిల్లల పార్కులో శేషాచలం అడవి అని రాసి జింక పక్కన కంగారూను నిలబెట్టినారు. పిల్లలు ఎర్రచందనం చెట్టును గుర్తుపట్టరు గానీ కంగారూను మాత్రం పేరుపెట్టి పిలుస్తున్నారు.

రంగులడబ్బా (కర్నూలు)

ఆ గోడ నేను వేసింది కాదు. కాకపోతే అట్లాంటివి చాలా వేసినాను కాబట్టి మా బాధ కూడా వినండి.

మాకు పని అడుగుల లెక్కన ఇస్తారు. గోడ పాచి గీకి, వైట్ సిమెంట్ కొట్టి, ప్రైమర్ వేసి, దారంతో గళ్ళు కొట్టుకునేసరికే రెండు రోజులు పోతుంది. డిజైన్ మా చేతుల్లో ఉండదు, వాట్సాప్‌లో వస్తుంది. "ఎల్లుండి పెద్దసారు వస్తున్నాడు, ఆలోగా అయిపోవాల" అంటారు. ఆ కిరీటం ఎక్కడిదంటారా? ఫోన్‌లో గిరిజనుడు అని కొట్టి చూడండి, ఏమేం బొమ్మలొస్తాయో. మా పిల్లోడు అందులో రంగు బాగున్నది తీసుకుంటాడు. పచ్చని గోడ మీద ఎర్ర ఈకలు ఎంత దూరం నుంచైనా కొట్టొచ్చినట్టు కనపడతాయి.

ఇక కొబ్బరిచెట్టు. దీని గురించి నిజం చెప్పేస్తా. కొబ్బరిచెట్టు వేయడానికి పది నిమిషాలు చాలు. ఒక వంకర గీత, పైన పది బ్రష్ పోట్లు. అదే మద్దిచెట్టో ఏగిసచెట్టో వేయాలంటే బెరడు వేయాల, కొమ్మ విడిపోయేది వేయాల, ఆకు గుత్తులు వేయాల, పొద్దంతా దానికే సరి. అడుగుకు వచ్చే డబ్బు మాత్రం రెండింటికీ ఒకటే. ఖాళీ మిగిలిన చోటల్లా కొబ్బరిచెట్టు మొలిచేది అందుకే.

మంచుదేశంలో_సీమోడు (ఊరు ఆదోని, ఉండేది వాంకూవర్)

ఆ ఈకల కిరీటం కథ కొంచెం చెప్తా. అది ఉత్తర అమెరికా నడిమధ్య మైదానాల్లో ఉండే కొన్ని జాతులది. అక్కడ కూడా అందరూ పెట్టుకునేది కాదు, గౌరవం సంపాదించినవాళ్ళే పెట్టుకోవాల. నేనుండే వాంకూవర్ తీరంలోని మూలవాసులది కూడా కాదు. సినిమాల పుణ్యమా అని ప్రపంచం మొత్తానికి "అడవి మనిషి యూనిఫాం" అయి కూచుంది. అది కర్నూలు గోడ దాకా వచ్చిందంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఇక్కడ స్టాన్లీ పార్క్ అని పెద్ద పార్కు ఉంది. చుట్టాలు ఎవరొచ్చినా ముందు అక్కడికే తీసుకపోతాం. చెక్కిన ఎత్తైన చెక్క స్తంభాలు వరసగా నిలబెట్టి ఉంటాయి, టోటెమ్ పోల్స్ అంటారు. నేను పదేళ్ళు వాటి ముందర ఫొటోలు దిగినా. ఒకసారి ఇక్కడి మూలవాసి గైడుతో నడిచే టూర్‌కు పోయినప్పుడు తెలిసింది, ఆ స్తంభాల్లో ఎక్కువ భాగం ఉత్తరాన ఎక్కడో దూరంగా ఉండే హైడా, క్వాక్వాకావాక్వ్ లాంటి జాతుల పద్ధతివి. ఈ నేల మస్క్వియం, స్క్వామిష్, స్లేల్ వాటూత్ అనే మూడు జాతులది. వాళ్ళ సొంత పనితనం అక్కడ నిలబడడానికి చాలా కాలం పట్టింది. మస్క్వియం కళాకారిణి సూసన్ పాయింట్ చెక్కిన మూడు ద్వారాలు 2008లో పెట్టినారు.

ఇంకో సంగతి. పార్కు ఉన్న చోట ఒకప్పుడు వాళ్ళ ఊరు ఉండేది. తరతరాలుగా తిని పారేసిన గవ్వచిప్పలు అక్కడ గుట్టలుగా ఉండేవి. 1888లో పార్కు రోడ్డు వేసినప్పుడు ఆ చిప్పలనే తవ్వి రోడ్డుకు పరిచినారు. అది తెలిసినాక నాకు ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే మనసు రాలేదు. మళ్ళా తొక్కినాను లెండి, వేరే దారి లేదు కదా.

తపసిచెట్టు (కర్నూలు హాస్టల్, ఊరు ఆత్మకూరు వైపు గూడెం)

ఇన్నాళ్ళూ చదివి పోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మాది చెంచు గూడెం. కర్నూలులో నర్సింగ్ చదువుతున్నా. తుంగభద్రగట్టు అన్న చెప్పిన గోడ నాకు తెలుసు, సిటీ బస్సు దాని పక్కనే పోతుంది.

మొదటిసారి చూసినప్పుడు నాకు కిరీటం మీదికి కన్ను పోలేదు. చెట్ల మీదికి పోయింది. మావాళ్ళు ఎవరైనా అంతే. అడవి బొమ్మ చూపిస్తే ముందు ఇది ఏ తావు అని చూస్తారు. మద్ది ఉంటే నీళ్ళు దగ్గర. తపసి ఉంటే రాతినేల. తపసి అంటే తెల్లగా నున్నగా ఉండే మాను, మేము బంక తీసేది దాని నుంచే. తునికి, మొర్రి, ఇప్ప ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే ఆ మనిషి ఎందుకక్కడ నిలబడినాడో తెలుస్తుంది. ఆ గోడ మీద మనిషి ఏ తావులో ఉన్నాడో నాకు అర్థం కాలేదు. కోనసీమకు తేనె కోసం పోయినాడేమో అనుకున్నా.

ఇంక ఆ తేనె తీసే ఆయన. ఆయన్ను చూస్తే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. తాడు పైన చెట్టుకు కట్టి ఉంది, తాడు దగ్గర మనిషి లేడు. మాలో చరియ తేనెకు ఒక్కడే పోడు. దిగేవాడు ఒకడు, పైన తాడు దగ్గర కాపలా ఉండేవాడు ఒకడు. తాడు పట్టేది బావమరిది. సొంత అన్నదమ్ముల చేతికి ఇవ్వరు. అన్నదమ్ములకు ఏ పాత గొడవో ఉండొచ్చు గానీ, బావమరిదికి కింద వేలాడేది అక్క మొగుడు. తాడు వదిలితే నష్టపోయేది వాళ్ళ అక్కే. ఆ బొమ్మలో బావమరిదిని వేయడం మరిచిపోయినారు. మా అవ్వకు ఫోన్‌లో ఫొటో చూపిస్తే "వీనికి పెండ్లి కాలేదేమో, పాపం" అనింది.

పోయినవారం క్లాసులో ఒకమ్మాయి మా ఊరి పేరు అడిగింది. శ్రీశైలం అవతల, నాగర్‌కర్నూల్ వైపు ఉండే మా చుట్టాల ఊరి పేరు కూడా చెప్పినా. దాని చివర "పెంట" అని వస్తుంది. క్లాసు మొత్తం నవ్వింది. మీకు పెంట అంటే చెత్తకుప్ప. నల్లమలలో పెంట అంటే మనుషులుండే చోటు. మా వైపు గూడెం అంటాం కాబట్టి నేను తప్పించుకున్నా, మా చిన్నమ్మ పిల్లలు తప్పించుకోలేరు.

రంగులడబ్బా

చెల్లీ, తాడు సంగతి నాకు తెలీదు. ఇరవై ఏండ్లలో తేనె తీసే బొమ్మ నాలుగుసార్లు వేసినా, నాలుగుసార్లూ ఒక్కడే.

బడిసారు (పత్తికొండ, రిటైర్డ్ సోషల్ టీచరు)

మా పక్కనే తుగ్గలి మండలంలో ఎర్రగుడి ఉంది. అశోకుని శాసనాలు. పిల్లలను ఎన్నిసార్లు తీసుకపోయినానో లెక్కలేదు. 14 పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఒకేచోట బండల మీద ఉన్నాయి. 1929లో బయటపడినాయి. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు పోతాయి, మడక దున్నే ఎద్దులు చేను చివర మళ్ళుకున్నట్టు. పిల్లలకు అదొక్కటే బాగా గుర్తుంటుంది.

వీధిబొమ్మలకూ దానికీ ఏం సంబంధం అంటారేమో. అది కూడా పదిమంది చూడాలని దారిపక్కన బండకు చెక్కించిందే. 13వ శాసనం కళింగ యుద్ధం గురించి. రాజు పశ్చాత్తాపపడిన శాసనం అని నేను ముప్పై ఏండ్లు పాఠం చెప్పినా. అదే శాసనంలో అడవిలో ఉండేవాళ్ళకు ఒక హెచ్చరిక ఉంది. రాజు పశ్చాత్తాపపడినా శిక్షించే బలం తగ్గలేదు, మీరు దారికి రండి, లేకపోతే చావు తప్పదు అని దాని సారాంశం. ఆ వాక్యాన్ని నేను ఎప్పుడూ పాఠంలో చెప్పలేదు. టెక్స్ట్‌బుక్కులో లేదు, నేనూ చెప్పలేదు.

తపసిచెట్టు అమ్మాయి రాసింది చదివినాక అదే గుర్తుకొచ్చింది. 2,200 ఏండ్ల కిందటి బండ మీద కూడా అడవివాళ్ళ గురించి ఇంకొకరు రాసినదే ఉంది. వాళ్ళు ఆ బండను చూసి ఏమనుకున్నారో ఎవరూ చెక్కలేదు.

నిజం_మాట్లాడతా

క్షమించాల, నాకు ఈ చర్చే అర్థం కావడం లేదు. బొమ్మ వేయకపోతే మమ్మల్ని మరిచిపోయినారు అంటారు. వేస్తే కిరీటం తప్పు, చెట్టు తప్పు, తాడు తప్పు. ముందు గూడేలకు రోడ్డు, నీళ్ళు, కరెంటు చూడాల. గోడ మీద బొమ్మ మారితే ఎవరి కడుపు నిండుతుంది?

తపసిచెట్టు

అన్నా, మీరడిగింది న్యాయమే. రోడ్డూ నీళ్ళూ మాకూ కావాల. కాకపోతే రెండూ వేరువేరు అని మీరనుకుంటున్నారు, మాకు అట్ల లేదు.

ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు పోతూ గోడలూ బోర్డులూ చూడండి. అన్నిచోట్లా పులి. చాలా బాగా వేసినారు, మీసం వెంట్రుకతో సహా. నాగార్జునసాగర్–శ్రీశైలం మన దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం, కాబట్టి పులిని వేయడంలో తప్పు లేదు. కానీ ఆ బొమ్మల్లో పులి ఉంటుంది, జింక ఉంటుంది, నెమలి ఉంటుంది. మనిషి ఉండడు. బస్సులో పోయేవాళ్ళు ఏమనుకుంటారు? లోపల ఎవరూ లేరనే కదా. లోపల మా అమ్మా నాన్నా ఉన్నారు. 2006 అటవీహక్కుల చట్టం కింద మా తావులు ఇవీ అని కాగితం పెట్టుకోవాలంటే, ఏ గుట్ట దాకా మాది, ఏ వాగు దాకా మాది, ఏ చెట్టు కింద మా దేవత ఉంది అని చెప్పాల. అది వినే సారు చిన్నప్పటి నుంచి మనుషులు లేని అడవి బొమ్మే చూసి పెరిగి ఉంటే, మా అవ్వ చెప్పేది కథ మాదిరి వింటాడు.

ఆయన తప్పు అనడం లేదు. ఆయన కూడా అదే గోడ పక్కన బస్సు ఎక్కినోడే.

చిత్రావతి (అనంతపురం)

ఓయబ్బా, ఈ పిల్ల బాగా రాస్తాంది. చెల్లీ, ఇంకా రాయి.

మావైపు అడవి తక్కువ, బండలు ఎక్కువ. కాబట్టి నేను వీరగల్లు గురించి చెప్తా. మా ఊరి చేను గట్టు మీద ఒకటి ఉండేది, వేపచెట్టు కింద. కింది వరసలో ఒకడు కత్తి పట్టుకుని కొట్లాడుతుంటాడు, పక్కన ఆవులు. నడిమి వరసలో దేవకన్యలు వాన్ని చెరొక చేయి పట్టుకుని తీసుకపోతుంటారు. పై వరసలో లింగం, దాని రెండు పక్కలా సూర్యుడు, చంద్రుడు. మందను కొల్లగొట్టడానికి వచ్చినవాళ్ళతో పోరాడి చనిపోయినాయన గుర్తు. రాయలసీమలో అట్లాంటివి ఎన్నో. మ్యూజియంలో పెడితే దాన్ని శిల్పం అంటారు. మా ఊళ్ళో దానికి పసుపు పూసి, ఆవు ఈనితే మొదటి జున్ను దాని ముందర పెట్టేవాళ్ళు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పెరికి గుడి ఆవరణలో సిమెంటు దిమ్మె మీద నిలబెట్టినారు. జాగ్రత్తగానే పెట్టినారు, విరగలేదు. పైన రేకుల షెడ్డు కూడా వేసినారు. కానీ జున్ను పెట్టడం ఆగిపోయింది. ఎందుకు అని మా జేజిని (అవ్వను) అడిగితే, ఆయన చచ్చింది ఆ గట్టు మీద కదా, గుళ్ళో ఆయనకేం పని అనింది. నాకు అప్పుడు ఆ మాట మూఢనమ్మకం అనిపించింది. ఇప్పుడు అట్ల అనిపించడం లేదు.

ఇంకొకటి. లేపాక్షి మండపం కప్పు మీద కిరాతార్జునీయం బొమ్మలున్నాయి. అడవిపంది, దాని కోసం కొట్లాడే అర్జునుడు, వేటగాని వేషంలో శివుడు. దేవుడైతే వేటగాడిగా వచ్చినా నెత్తిన పెట్టుకుంటాం. జిల్లాలు మారి లేపాక్షి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా మా అనంతపురమే.

అల్లగడ్డ_ఉలి (ఆళ్ళగడ్డ)

చిత్రావతి అక్క చివరి మాట నాకు తగిలింది. మాది రాతిపని ఇల్లు. ఏడాదికి రెండు మూడు చెంచులక్ష్మి విగ్రహాలు చేస్తాం. ఆర్డరు ఇచ్చేవాళ్ళు ఫోన్‌లో చూపించేది ఒకటే నమూనా. అమ్మవారి మొహం, అమ్మవారి నగలు, చేతిలో విల్లు. చెంచు అని గుర్తుపట్టడానికి ఆ విల్లు, నడుముకు రెండు ఆకులు. ఇంతే. దేవతలకు తాళమానం ఉంది, తల ఇంత, మొండెం ఇంత అని. మామూలు ఆడమనిషి మొహం చెక్కమంటే మాకు కొలత ఉండదు, మనిషిని చూసి చెక్కాల. ఎవరిని చూసి చెక్కేది? మా నాన్న అహోబిలం మంటపాల కంబాలు చూసి నేర్చుకున్నాడు. అక్కడ నరసింహస్వామి చెంచులక్ష్మిని బతిమాలుకుంటూ ఉండే శిల్పం ఉంది. ఆ పాత శిల్పంలో ఆమె నిలబడే తీరు చూడండి, పాదాలు నేలకు గట్టిగా ఆనించి ఉంటాయి. మేము చేసేవాటిలో ఆమె పద్మం మీద నిలబడి ఉంటుంది.

తపసిచెట్టు

అహోబిలం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాల. నాకు నచ్చే "బొమ్మ" అదే, కానీ అది గోడ మీద ఉండదు.

కనుమ నాడు స్వామి పారువేటకు బయలుదేరుతాడు. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి తన పెండ్లికి రమ్మని పిలుస్తాడు. బయలుదేరేటప్పుడు మావాళ్ళు పల్లకి మీదికి బాణాలు వేస్తారు. మా పిల్లను చేసుకున్నావు కదా, ఆ కోపం. ఆయన మాకు అల్లుడు. శ్రీశైలం మల్లన్న కూడా అల్లుడే, మేము చెంచు మల్లయ్య అంటాం. ఇద్దరు అల్లుళ్ళూ పెద్ద ఇండ్లల్లో ఉన్నారు, మామగారింట్లో మాత్రం ఇంకా కరెంటు సరిగ్గా రాదు అని మా నాన్న నవ్వుతుంటాడు. నిజం_మాట్లాడతా అన్నకు ఈ మాట నచ్చుతుంది.

ఆ పల్లకి ఏ ఊరి తర్వాత ఏ ఊరికి పోవాల, ఏ చెట్టు కింద దిగాల, ఎవరు మోయాల, అన్నిటికీ లెక్క ఉంది. నేల మీద నడిచి గీసే బొమ్మ మాదిరి ఉంటుంది నాకది. అందులో మేము బాణం పట్టుకుని నిలబడతాం. ఆకుల లంగా అడగరు. ప్యాంటూ చొక్కా వేసుకుని బాణం వేసినా అది చెల్లుతుంది.

మునకూరోడు (కర్నూలు, పుట్టింది కృష్ణ ఒడ్డు)

నేను గిరిజనుడిని కాదు. కాకపోతే నేల పోయినోడిని. శ్రీశైలం డ్యాం నీళ్ళల్లో మా ఊరు మునిగింది. అప్పుడు నాకు తొమ్మిదేండ్లు.

చిత్రావతి గారి వీరగల్లు కథ చదివి నిద్ర పట్టలేదు. మునిగే ఊళ్ళ గుళ్ళ రాళ్ళకు నెంబర్లు రాసి, ఊడదీసి, లారీల్లో ఎత్తి, వేరేచోట మళ్ళా కట్టినారు. కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద రూపాల సంగమేశ్వరం గుడి అట్ల వచ్చిందే. మంచిపనే, లేకపోతే ఆ శిల్పాలు నీళ్ళల్లో పోయేవి. పిల్లగానిగా నాకు తోచింది ఒకటే. ఒక్కొక్క రాయికి నెంబరుంది, అది ఏ రాయి పక్కన ఉండాలో రాసి ఉంది. మా ఇంటి పక్కన ఎవరుండాలో ఎవరూ రాసుకోలేదు. పక్కింటి వాళ్ళు ఒక ఊరికి, మేము ఇంకొక ఊరికి పోయినాం.

కదిలించకుండా అక్కడే ఉంచేసిన సంగమేశ్వరం గుడి సంగతి వేరే. అక్కడి గర్భగుడిలో వేపమాను లింగం ఉంది. ఏడు నదులు కలిసే చోటు అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళ కిందనే. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు శిఖరం ముందు కనపడుతుంది, తర్వాత గోడలు, ఆఖరుకు గర్భగుడి. నేను ప్రతి ఏడూ పోతా. భక్తి అని కాదు. నీళ్ళు దిగిన బురదలో నిలబడితే మా ఊరు ఏ దిక్కునో చెప్పగలను. జగన్నాథగట్టు మీద నిలబడి చెప్పలేను.

మంచుదేశంలో_సీమోడు

మునకూరోడు అన్నా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయినా.

ఇక్కడ హైస్లా అనే జాతి ఉంది. వాళ్ళ స్తంభం ఒకటి 1929లో స్వీడన్‌కు పోయింది. వాళ్ళు ఏండ్ల తరబడి అడిగినారు. కొత్త స్తంభం చెక్కి స్వీడన్‌కు ఇచ్చినారు కూడా. పాతది 2006లో ఇంటికి వచ్చింది. గొడవ ఎక్కడ వచ్చిందంటే, మ్యూజియం వాళ్ళు దాన్ని పాడుకాకుండా గదిలో కాపాడాల అన్నారు. హైస్లాల పద్ధతిలో స్తంభం నిలబడినన్నాళ్ళు నిలబడి, పడిపోయి, మట్టిలో కలిసిపోవాల. మాను మట్టికి పోకపోతే దాని పని పూర్తి కానట్టే. మీ వేపమాను లింగం ఏటా నీళ్ళకు పోయి రావడం చదివితే అదే గుర్తొచ్చింది.

కడపకారం

మొదట ఎగతాళిగా రాసినా, ఇప్పుడు కొంచెం సీరియస్‌గా.

ముద్దనూరు మండలంలో చింతకుంట దగ్గర గుట్టల్లో పాతకాలపు రాతి చిత్రాలున్నాయి. ఎరుపువి ఎక్కువ, తెలుపువి కొన్ని. మూపురం ఎద్దులు, జింకలు, మనుషులు. చరిత్రకు ముందు కాలంవి. కర్నూలు వాళ్ళకు ఓర్వకల్లు దగ్గర కేతవరంలో ఉన్నట్టే. నేనూ మా ఫ్రెండూ బైకు మీద పోయి దారి తప్పినాం. మే నెల, మిట్టమధ్యాహ్నం. గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన దారి చూపించినాడు. బొమ్మల దగ్గరికి తీసుకపోయి, వాటి కింద తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. గొర్రెలన్నీ వచ్చి ఆయన చుట్టూ చేరినాయి.

మేము ఫొటోల మీద ఫొటోలు తీస్తుంటే ఆయన కళ్ళు మూసుకునే అన్నాడు, ఈ గుట్టలో పొద్దు వాలేదాకా నీడ నిలిచేది ఈ బండ కిందనే అని. అప్పుడు తల తిప్పి చూసినా. కింద వంక, అవతల మేత బీడు, మంద ఎటు కదిలినా కనపడుతుంది. ఎద్దు బొమ్మ వేసినాయన కూడా ఎండకు ఇక్కడికే వచ్చి ఉంటాడు, ఇదే వైపు చూసి ఉంటాడు. మేము బొమ్మ కోసం పోయినాం, ఆ పెద్దాయన నీడ కోసం పోయినాడు. బొమ్మ వేసినాయనకు ఆయనే దగ్గరి చుట్టం అనిపించింది.

పక్క బండ మీద చాక్‌పీసుతో ఎవరో ప్రేమికుల పేర్లు, గుండె బొమ్మ. పెద్దాయన అది చూపించి, బయటి బండ మీద అయితే వాన కొడితే పోతుంది, ఈడ వాన పడదు కదప్పా అన్నాడు.

నిజం_మాట్లాడతా

సరే. నేను కొంచెం తొందరపడి రాసినా. తపసిచెట్టమ్మా, పులిబోర్డుల సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు. పోయినవారం దోర్నాల పోయి వస్తూ లెక్కపెట్టినా. పదకొండు పులులు, ఒక ఎలుగుబంటి, అడవిలో బతికే మనిషి సున్నా. ఉన్న ఒక్క మనిషి కూడా "అడవిలో నిప్పు పెట్టరాదు" అనే బోర్డు మీద అగ్గిపెట్టె పట్టుకుని ఉన్నాడు.

తుంగభద్రగట్టు

ఆ గోడ వాళ్ళను అడిగి వచ్చినా. బొమ్మ మారుస్తారా అంటే, "బిల్లు పాసయింది, మళ్ళా రంగు వేయాలంటే వచ్చే ఏడాదే" అన్నారు. మర్యాదగానే మాట్లాడినారు. ఎవరైనా సొంత ఖర్చుతో సరిచేస్తామంటే రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోమన్నారు. ఈకల కిరీటం తప్పు అని చెప్తే, "పిల్లలకు బాగా నచ్చింది సార్ అది" అన్నారు.

రంగులడబ్బా

అర్జీ మీరు పెట్టండన్నా. రంగు నా దగ్గర మిగిలింది ఉంది, కూలి అడగను. కొబ్బరిచెట్లను చెరిపేయడం కష్టం కాదు, రెండు కోట్లు వేస్తే పోతాయి. కిరీటం మాత్రం ఎరుపు, అది పైకి ఊరుతుంది, దానికి మళ్ళా ప్రైమర్ కొట్టాల.

నాకు కావాల్సింది చెట్లు. తపసిచెట్టు చెల్లీ, తపసి బెరడు నేను ఎప్పుడూ దగ్గరి నుంచి చూడలేదు. ఫోన్‌లో చూసి వేస్తే మళ్ళా మొదటికే వస్తుంది. తాడు దగ్గర మనిషి ఎట్ల కూచుంటాడో, తాడు కాలికి చుట్టుకుంటాడో చేత్తో పట్టుకుంటాడో అది కూడా చూడాల. మీ గూడేనికి రావచ్చా?

తపసిచెట్టు

రావచ్చు. ఇంట్లో అడిగినా, రమ్మన్నారు. కానీ కొన్ని ఉన్నాయి. గూడెం దాకా నా వెంట రావాల, అడవిలోకి మీ అంతట మీరు పోకూడదు, చెక్‌పోస్టు దగ్గర ఆపుతారు. మా దేవత చెట్టు వేయొద్దు, ఆ ఒక్కటి గోడ మీద వద్దు అని అవ్వ చెప్పింది. మిగతావి ఏవైనా వేసుకోండి. మనిషి మొహం వేస్తే ఆ మనిషిని అడిగి వేయండి. "గిరిజన సంస్కృతి" అని రాయకుండా ఏ గుట్టో ఆ గుట్ట పేరు రాయగలరా అని మా నాన్న అడుగుతున్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదికి ఆత్మకూరు బస్టాండులో ఉంటా. మా మామ కూడా వస్తాడు. మా నాన్నకు తాడు పట్టేది ఆయనే. ఆయన ఎక్కువ మాట్లాడడు, మీరే పలకరించండి.

రంగులడబ్బా

వస్తా. స్కెచ్ బుక్కు తెచ్చుకుంటా. మామకు బీడీలు తేవాల్నా?

తపసిచెట్టు

వద్దు, మానేసినాడు. అరటిపండ్లు తెండి.